టోక్యోలో సుషి కౌంటర్‌కి మొదటిసారి: 8 సీట్లు, మనిషికి 38,000 యెన్‌లు. ఏం తెలుసుకుని వెళ్లాలి?

కాకినాడ_కుర్రోడు
అందరికీ నమస్తే. ఆఫీసు పని మీద నవంబరు చివరి వారంలో టోక్యో వెళ్తున్నాను. మా ఆవిడ కూడా వస్తోంది. అక్కడి క్లయింట్ ఒకాయన గింజా అనే ప్రాంతంలో ఒక చిన్న సుషి కౌంటర్‌లో మా ఇద్దరికీ సీట్లు బుక్ చేయించాడు (బిల్లు మాత్రం మాదే). మొత్తం 8 సీట్లు. మెనూ ఉండదట, ఒమకసే ఒక్కటే, చెఫ్ ఏది పెడితే అది తినాలి. మనిషికి 38,000 యెన్‌లు. కార్తీకం అయ్యాకే తేదీ పెట్టించుకున్నాం కాబట్టి ఇంట్లో ఆ పేచీ లేదు.

పేచీ వేరే ఉంది. నేను హైదరాబాద్‌లో సాల్మన్ రోల్స్ తిన్నానే తప్ప అసలైన సుషి (వెనిగర్ కలిపిన అన్నం మీద చేప ముక్క పెట్టి ఇచ్చేది) రుచి తెలీదు. మా ఆవిడకి చేపలంటే ఇష్టమే గానీ పులుసో వేపుడో అయి ఉండాలి. పచ్చిది ఎప్పుడూ ముట్టలేదు. చెఫ్ ఎదురుగా కూర్చుని ముఖం చిట్లిస్తే ఎలా అని ఇప్పటినుంచే టెన్షన్. వెళ్లినవాళ్లు చెప్పండి. ఎలా తినాలి, నచ్చనిది వద్దనొచ్చా, అసలు అంత డబ్బుకి అక్కడ ఏముంటుంది?

ఉప్పల్_ఉదయ్
పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ సుషి తినమని ఎవరూ చెప్పలేదన్నా 😀 ఇద్దరికీ కలిపి నలభై వేల రూపాయల పైనే. ఉడకబెట్టని చేపకి!

నిషికసాయి_నాని
ఉదయ్ మాట పక్కన పెట్టండి, వెళ్లి రండి. నేను టోక్యోలోనే ఉద్యోగం, కంపెనీ వాళ్లతో ఇలాంటి చోట్లకి అప్పుడప్పుడు వెళ్తుంటాను. పనికొచ్చే సంగతులు గుర్తొచ్చిన వరుసలో రాస్తున్నా.

అన్నిటికంటే ముఖ్యం టైమ్. ఆరింటికి అంటే ఆరింటికే. ఇలాంటి చోట్ల చాలావరకు ఎనిమిది మందికీ ఒకేసారి మొదలుపెడతారు. మీరు పావుగంట ఆలస్యమైతే మిగతా ఆరుగురూ మీకోసం ఆగాలి, లేదా మీ ముక్కలు పోయినట్టే. గింజాలో ఇలాంటివి ఎక్కువగా ఏదో బిల్డింగు బేస్‌మెంట్‌లోనో ఏడో అంతస్తులోనో ఉంటాయి. బోర్డు అరచేయంత ఉంటుంది, అదీ జపనీస్‌లో. అరగంట ముందే ఆ వీధికి వెళ్లి చోటు చూసుకోండి, కానీ లోపలికి మాత్రం ఓ ఐదు నిమిషాల ముందే వెళ్లాలి. మరీ ముందుగా వెళ్లినా వాళ్లకి ఇబ్బందే.

సెంటు, పెర్ఫ్యూమ్, వాసనొచ్చే తల నూనె వద్దు. ఇది కచ్చితంగా పాటించండి, కొన్నిచోట్ల గుమ్మం దగ్గరే వెనక్కి పంపేస్తారు. ఇంకోటి, మీ ఆవిడకి చెప్పండి, గాజులు, బ్రేస్‌లెట్లు తీసి బ్యాగులో పెట్టుకోమని. మీ వాచీ కూడా. కౌంటర్ ఒకే పొడవాటి హినోకి చెక్క, పాలిష్ ఉండదు, చాలా మెత్తన. లోహం రాసుకుంటే గీత పడిపోతుంది. ఫోన్ కూడా దాని మీద బోర్లా పెట్టకండి.

బిల్లు గురించి: ఆ 38,000లో సర్వీస్ చార్జీ, పన్ను కలిసి ఉన్నాయో లేదో మీ క్లయింట్‌ని అడగండి. సర్వీస్ 10 శాతం, దానిపై పన్ను 10 శాతం వేస్తే 45,980 అవుతుంది. తాగేవి వేరే. టిప్పు ఇవ్వకూడదు, ఇస్తే వెంటపడి మరీ తిరిగి ఇచ్చేస్తారు. మందు అలవాటు లేకపోతే టీ చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

చేత్తో తినొచ్చు. నిజానికి అదే మేలు. అన్నం వదులుగా పట్టి ఇస్తారు కాబట్టి చాప్‌స్టిక్స్‌తో పట్టుకుంటే విడిపోతుంది. ముక్కని పక్కకి వాల్చి బొటనవేలు, రెండు వేళ్లతో పట్టుకుని, మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. సగం కొరికి సగం కింద పెట్టడం ఉండదు. పెద్దదనిపిస్తే ముందే "షారి సుకునామె దె" అనండి, అన్నం తగ్గించి చేస్తారు. ఎడమచేతి వాటమైతే చెఫ్ రెండు మూడు ముక్కల్లోనే కనిపెట్టి అటువైపు తిప్పి పెట్టడం మొదలుపెడతాడు. చెప్పక్కర్లేదు కూడా.

కాకినాడ_కుర్రోడు
నాని గారూ, గాజుల సంగతి ఎక్కడా చదవలేదు, థాంక్స్ అండీ. సోయా సాస్, వసాబి మాటేంటి? ఇక్కడ మేం రెండూ కలిపి పేస్టు చేసి అందులో ముంచుతాం.

నిషికసాయి_నాని
అక్కడ మీ ముందు సోయా గిన్నె ఉండకపోవచ్చు. సోయా సాస్‌ని సాకే (బియ్యంతో చేసే మద్యం), మిరిన్ (వంటలో వాడే తీపి మద్యం)తో మరిగించి చల్లార్చిన నికిరిని చెఫ్ తనే బ్రష్‌తో రాసి ఇస్తాడు. వసాబి కూడా చేపకీ అన్నానికీ మధ్య ఎంత పెట్టాలో తనే పెడతాడు. ఎక్కువ కావాలంటే అడగొచ్చు. మన ఊళ్లలో ట్యూబులో చూసేది చాలావరకు హార్స్‌రాడిష్ అనే వేరే ఘాటు దుంపకి రంగేసినది. అసలు వసాబి షిజువొకాలో ఇజు కొండల్లో పారే నీళ్లలో పెరిగే దుంప. అప్పటికప్పుడు సొరచేప చర్మం అతికించిన పలక మీద నూరతారు. ఘాటు ముక్కులోకి ఎక్కి వెంటనే దిగిపోతుంది, తర్వాత కాస్త తీపి ఉంటుంది. అల్లం ముక్కల్ని సుషి మీద పెట్టుకోకండి, అవి ముక్కకీ ముక్కకీ మధ్య నోరు శుభ్రం కావడానికి.

శ్రీలత_యొకొహామా
నాని గారు మర్యాదలన్నీ చెప్పేశారు. "అంత డబ్బుకి అక్కడ ఏముంటుంది" అన్నదానికి నేను చెప్తాను, ఎందుకంటే మన వాళ్లు ఎక్కువమంది ఒక తప్పు అంచనాతో వెళ్లి నిరాశపడతారు. "ఇప్పుడే పట్టిన తాజా చేప కోసి పెడతారు, అందుకే అంత రేటు" అనుకుంటారు. తాజా చేప కావాలంటే ఏ రేవుకి వెళ్లినా దొరుకుతుంది.

టోక్యో పద్ధతిని ఎదోమాయే అంటారు. ఎదో అన్నది టోక్యో పాత పేరు. ఆ నగరం ముందున్న సముద్రంలో దొరికిన వాటితో 1820ల ప్రాంతంలో పుట్టిన వీధి తిండి ఇది. హనాయా యోహెయ్ అనే ఆయన పేరు ఎక్కువగా చెప్తారు. బండి దగ్గర నిలబడి గబగబా తిని వెళ్లేవాళ్లు, ముక్క ఇప్పటికంటే చాలా పెద్దది. అప్పుడు ఐస్ లేదు. అందుకని చేప పాడవకుండా ఉప్పు పట్టించడం, వెనిగర్‌లో వేయడం, సోయాలో నానబెట్టడం, ఉడికించడం, కొంబు అనే సముద్రపు నాచు మధ్య పెట్టి నొక్కడం, ఇవన్నీ వచ్చాయి. ఫ్రిజ్‌లు వచ్చాక ఇవి అక్కర్లేకుండా పోవాలి కదా? కానీ ఆ పనుల వల్ల వచ్చే రుచి కోసమే వాటిని ఉంచుకున్నారు. మీరు డబ్బిచ్చేది ఆ పనికి.

కొహదా అని ఒక చిన్న వెండి రంగు చేప వస్తుంది. మార్కెట్లో అది చాలా చవక, ముళ్లు ఎక్కువ. దాన్ని విప్పి, ఉప్పేసి, కడిగి, వెనిగర్‌లో ఉంచి, తీసి మళ్లీ ఒకట్రెండు రోజులు ఆగుతారు. ఉప్పులో ఎన్ని నిమిషాలుంచాలన్నది ఆ రోజు చేప సైజు, కొవ్వు, వాతావరణం చూసి నిర్ణయిస్తారు. తెలిసినవాళ్లు షాపుని ట్యూనాతో కాదు, కొహదాతో అంచనా వేస్తారు. తెల్ల చేపల్ని కూడా పట్టగానే మెదడులో పొడిచి, రక్తం తీసేసి, కొన్ని రోజులు మాగబెడతారు. చేప చచ్చాక కండలోని పదార్థాలు విడిపోతూ ఇనోసినేట్ అనే పదార్థం తయారవుతుంది, ఉమామి అనే ఆ కమ్మని రుచి అక్కడిదే. పట్టిన వెంటనే కోస్తే కండ రబ్బరులా సాగుతుంది గానీ రుచి తక్కువ. పెద్ద ట్యూనానైతే వారానికి పైగా మాగబెట్టేవాళ్లున్నారు.

అన్నట్టు, మీకిష్టమైన సాల్మన్ అక్కడ కనిపించకపోవచ్చు. ఎదోమాయే పాత పద్ధతిలో పచ్చి సాల్మన్ లేదు. 1980ల్లో నార్వే వాళ్లు తమ పెంపకపు సాల్మన్ అమ్ముకోవడానికి జపాన్‌లో గట్టిగా ప్రచారం చేశాక వచ్చిన అలవాటది.

ఉప్పల్_ఉదయ్
అంటే రేటు చేపకి కాదు, చెఫ్ పనికా? సరే మరి ట్యూనా కోట్లు పలుకుతుందని టీవీలో చూపిస్తారు కదా అక్కా.

శ్రీలత_యొకొహామా
అది కొత్త సంవత్సరం మొదటి వేలం. 2019 జనవరిలో, టోక్యో చేపల మార్కెట్ త్సుకిజి నుంచి తొయొసుకి మారాక జరిగిన తొలి కొత్త సంవత్సరం వేలంలో, ఆవొమొరిలోని ఓమా నుంచి వచ్చిన 278 కిలోల ట్యూనా 33 కోట్ల 36 లక్షల యెన్‌లు పలికింది. కొన్నది ఒక సుషి చైన్. అది పబ్లిసిటీ లెక్క, మామూలు రోజుల్లో అలా ఉండదు. ఇంకో తమాషా, ఇప్పుడు అందరూ ఎగబడే ఓతొరో, అంటే ట్యూనా పొట్ట దగ్గరి కొవ్వు భాగం, ఒకప్పుడు పారేసేవాళ్లు. పిల్లి కూడా దాటుకుపోయేదని జపనీస్‌లో ఎగతాళిగా అనేవాళ్లు.

బియ్యం_బస్తా
మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు. చేపల సంగతి నాకు తెలీదు కానీ, ఇంతమంది రాశారు, ఒక్కరూ బియ్యం మాట ఎత్తలేదు. ఏ బియ్యం వాడతారు? మెత్తగా ముద్దయ్యే పొట్టి బియ్యమేనా?

శ్రీలత_యొకొహామా
బస్తా గారూ, అసలు ప్రశ్న మీరడిగారు! చాలామంది చెఫ్‌లు సుషిలో సగానికి పైగా అన్నమే అంటారు. పొట్టి బియ్యమే, కానీ ముద్ద కాకూడదు, గింజ గింజా విడిగా తెలియాలి. అందుకే కొందరు కొత్త బియ్యం వాడరు. పాతవో, పాతా కొత్తా కలిపో వాడతారు. కొత్త వాటిలో తేమ ఎక్కువ, వెనిగర్ పీల్చుకోవు.

బియ్యం_బస్తా
ఇదన్నమాట! మా దగ్గర కూడా పెళ్లి వంటకి కొత్త బియ్యం తీసుకుపోతే వంటాయన తిట్టి వెనక్కి పంపుతాడు. కారణం కూడా అదే, తేమ. జపాన్‌కీ మనకీ ఇందులో తేడా లేదు. చెప్పమ్మా, ఇంకా చెప్పు.

శ్రీలత_యొకొహామా
మందపాటి ఇనప పాత్రలో వండి, వెడల్పాటి చెక్క తొట్టిలో పోసి, వేడి మీదే వెనిగర్, ఉప్పు కలుపుతారు. తెడ్డుతో కలియబెట్టరు, కోసినట్టుగా అడ్డంగా తీస్తారు, గింజ విరక్కుండా. కొన్ని షాపుల్లో అన్నం లేత గోధుమ రంగులో ఉంటుంది, అది ఎర్ర వెనిగర్ వల్ల. సాకే తీశాక మిగిలిన పిప్పిని ఏళ్ల తరబడి మాగబెట్టి చేస్తారు దాన్ని. 1800ల మొదట్లో హందా ఊరి నకనో మతజాయెమోన్ అనే సాకే వ్యాపారి ఆ పిప్పితో వెనిగర్ చేసి ఎదోకి పంపాడు. ఖరీదైన బియ్యపు వెనిగర్‌కి బదులు ఇది దొరకబట్టే వీధి బండ్ల సుషి అంతగా పుంజుకుంది. ఆ కంపెనీయే ఇప్పటి మిజ్‌కాన్.

ఇక వేడి. ముక్క పెట్టేటప్పుడు అన్నం మన ఒంటి వేడిలో ఉండాలి. చేప అంతకంటే కాస్త చల్లగా. ఫ్రిజ్‌లో పెట్టిన సుషి డబ్బా తిన్నవాళ్లకి ఈ తేడా ఊహకి కూడా అందదు. అన్నం ఎప్పుడు దించాలన్నది మీ బుకింగ్ టైమ్‌ని బట్టే లెక్కేస్తారు. నాని గారు టైమ్ టైమ్ అన్నది ఉత్త క్రమశిక్షణ కోసం కాదు. ముక్క పెట్టాక ఫొటోల కోసం రెండు నిమిషాలు తిప్పి తిప్పి చూస్తే చెఫ్ ముఖం మాడిపోయేదీ అందుకే. అడిగి ఒక్క ఫొటో తీసుకోండి, వెంటనే నోట్లో వేసుకోండి.

హార్బర్_బాబ్జీ
వైజాగ్ నుంచి. మా హార్బర్‌లో సూర చేప రాసులు పోసి ఉంటుంది. అదీ ట్యూనాయే కదా. కత్తి బాగా పదునుంటే ఇంట్లోనే చేసుకోవచ్చనిపిస్తోంది. 38,000 యెన్‌లు మిగులు.

మైక్రో_మేడమ్
బాబ్జీ గారూ, దయచేసి ఆగండి. నేను మైక్రోబయాలజీ చెప్తాను కాబట్టి అడ్డొస్తున్నా. మొదటి సంగతి, జపాన్‌లో ఎగబడేది బ్లూఫిన్ అనే ట్యూనా రకం, మీ దగ్గర ఎక్కువగా దొరికేది యెల్లోఫిన్, స్కిప్‌జాక్. అది రుచి సంగతి, వదిలేయండి. ప్రమాదం వేరే చోట ఉంది. ట్యూనా జాతి చేపని పట్టిన దగ్గర్నుంచి ఐస్‌లో సరిగ్గా ఉంచకపోతే హిస్టమిన్ తయారవుతుంది. ఒళ్లు ఎర్రబడి, తలనొప్పి, వాంతులు. వండినా అది పోదు.

రెండోది అనిసాకిస్ అనే పురుగు, సముద్రపు చేపల్లో ఉంటుంది. వెనిగర్‌కీ వసాబికీ చావదు. జపాన్ ఆరోగ్య శాఖ చెప్పేది, మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు లోపలిదాకా గడ్డకట్టించమని. అమెరికా నిబంధన ఇంకా కఠినం, మైనస్ 20లో 7 రోజులు. ఇంటి ఫ్రీజర్ చాలాసార్లు అంత చల్లబడదు. ఇక మంచినీటి చేపని, గోదావరిదైనా చెరువుదైనా, పచ్చిగా తినే ఆలోచనే వద్దు. లివర్‌లో చేరే పురుగులున్నాయి.

కాకినాడ బాబూ, మీ ఆవిడ గర్భవతి అయితే మాత్రం ఈ డిన్నర్ ఇంకో ఏడాదికి మార్చుకోండి.

కాకినాడ_కుర్రోడు
లేదండీ మేడమ్, అలాంటిదేం లేదు 🙂

న్యూజెర్సీ_మూర్తి
నాది కాస్త వేరే అభిప్రాయం. పని గొప్పది, ఒప్పుకుంటా. కానీ ఈ చిన్న కౌంటర్ల వ్యవహారంలో సగం "దొరకదు" అన్న మోజే. గింజా మెట్రో పక్కన బేస్‌మెంట్‌లో ఉన్న సుకియాబాషి జిరోనే చూడండి. 10 సీట్లు. 1925లో పుట్టిన ఓనో జిరో షాపు. 2007లో హోటళ్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ తొలిసారి టోక్యోకి వచ్చినప్పుడే మూడు స్టార్లు. 2014లో అప్పటి జపాన్ ప్రధాని అబే ఒబామాని తీసుకెళ్లింది అక్కడికే. 2019లో మిషెలిన్ జాబితా నుంచి తీసేశారు, రుచి తగ్గి కాదు, మామూలు జనానికి బుకింగే ఇవ్వట్లేదని. ఇరవై ముక్కలు అరగంటలో పెట్టేస్తారని దానికి పేరు. మా దగ్గర మాన్‌హట్టన్‌లో 2004లో తెరిచిన మాసాలో మనిషికి 700 డాలర్ల పైమాటే. కుర్రోడు వెళ్లేలాంటి చోట ఎనిమిదే సీట్లు కాబట్టి అద్దె, జీతాలు, పారేసిన చేప, అన్నీ ఆ ఎనిమిది మంది నెత్తినే పడతాయి. అది రుచి ధర కాదు, సీటు ధర.

నా స్నేహితుడికి జ్వరమొచ్చి అదే రోజు రద్దు చేసుకుంటే కార్డు నుంచి మొత్తం లాగేశారు. షాపు పేరు వద్దులెండి, వాళ్ల రూల్ వాళ్లు ముందే రాశారు.

శ్రీలత_యొకొహామా
మూర్తి గారూ, సీటు ధర అన్నది నిజమే, కానీ చులకనగా తీసేయలేం. ఒక చెఫ్ రెండు చేతులతో, అన్నం ఆ వేడి మీద ఉండగా ఎంతమందికి పెట్టగలడు? ఎనిమిది, పది. ఇరవై మంది అయితే ఇంకో మనిషి చేయాలి, లేదా ముక్క బల్ల మీద ఎదురుచూడాలి. మీ స్నేహితుడి విషయంలోనూ అంతే, ఆ రోజు చేప కొనేశారు, ఎనిమిదో వంతు ఆదాయం పోయింది. బాధే గానీ అన్యాయం అనను.

న్యూజెర్సీ_మూర్తి
అన్యాయం అని నేనూ అనలేదమ్మా. నలభై వేలు పెట్టేవాడు దేనికి పెడుతున్నాడో తెలిసి పెట్టాలంటున్నా.

నిషికసాయి_నాని
కుర్రోడు గారూ, మీ ఆవిడ కోసం ఒక మాట. తినలేనివేమైనా ఉంటే ఇప్పుడే క్లయింట్ ద్వారా చెప్పించండి, అక్కడ కూర్చున్నాక కాదు. అన్నీ పచ్చివే ఉండవు. రొయ్య ఉడికించి పెడతారు, అనగో అనే సముద్రపు ఈల్‌ని నోట్లో కరిగేలా ఉడికించి తీపి సాస్ రాస్తారు, ఆక్టోపస్ ఉడికిందే, చివర్లో గుడ్డుతో చేసే తమగో వస్తుంది. నవంబరు చివర కాబట్టి షిరాకో రావచ్చు. తెల్లగా, మెత్తగా, మడతలు మడతలుగా ఉంటుంది. అదేమిటో తిన్నాక చెప్తాను.

హార్బర్_బాబ్జీ
నేనిప్పుడే చెప్పేస్తా, మగ కాడ్ చేప వీర్యం సంచి 😂 మా దగ్గర చేప జన వేపుడు తినేవాళ్లకి అది పెద్ద విషయమా.

అడ్మిన్_పద్మ
బాబ్జీ గారూ 🙏 భోజనాల వేళ.

కాకినాడ_కుర్రోడు
వెళ్లొచ్చాం. అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

కొన్ని ఉడికించినవి, కాల్చినవి ముందు వచ్చాయి, తర్వాత సుషి. షిరాకో వచ్చింది, పైన కాస్త కాల్చి ఇచ్చారు. నేను తిన్నాను, మా ఆవిడకి బాబ్జీ గారి మాట చెప్పకుండా పెట్టించాను. "మీగడలా ఉంది" అంది. ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ట్యూనా మూడు రకాలు వరసగా పెట్టారు: సోయాలో నానిన ఎర్రది, మధ్యరకం, కొవ్వుది. నాకు మొదటిదే ఎక్కువ నచ్చింది, కొవ్వుది ఒక్కటి చాలనిపించింది. కొహదా గురించి శ్రీలత గారు అంత చెప్పబట్టి దానికోసం చూశాను. పుల్లగా, ఉప్పగా, ఘాటుగా చేప వాసన. నిజం చెప్పాలంటే నాకు ఎక్కలేదు. మా ఆవిడ మాత్రం ఇంకోటి అడిగింది! ఊరగాయలా ఉందట. చెఫ్ అప్పటిదాకా మాతో ముభావంగా ఉన్నాడు, అది వినగానే నవ్వి, పక్కాయనతో ఏదో అన్నాడు. ఆ తర్వాత ఆమెకి ప్రతి ముక్కా పెడుతూ అది ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. నాకు చెప్పలేదు.

అన్నం వేడి గురించి చదివి వెళ్లడం మంచిదైంది. లేకపోతే చేపనే చూస్తూ కూర్చునేవాణ్ణి. బియ్యం_బస్తా గారూ, మేం వెళ్లిన చోట కూడా ఎర్ర వెనిగర్ అన్నమే, గింజ మీద గింజ విడిగా. ఏ ఊరి బియ్యం అని అడిగా, రెండు మూడు కలుపుతానన్నాడు, ఏవో చెప్పలేదు.

మూర్తి గారికి: బిల్లు చూసి మాత్రం ఒక్క క్షణం ఆగాను. మళ్లీ అదే రేటుకి వెళ్తానా అంటే, సొంత డబ్బుతో ఇప్పట్లో వెళ్లను.

బియ్యం_బస్తా
రెండు మూడు కలుపుతానన్నాడంటే మంచి పనోడే. అవేంటో చెప్పడు. నేనూ చెప్పను.

విజయనగరం_వాసవి
ఆలస్యంగా చదివాను. మేం మార్చిలో వెళ్తున్నాం, అత్తయ్యగారు, మామయ్యగారు పూర్తి శాకాహారులు. వాళ్లని కూడా ఇలాంటి చోటికి తీసుకెళ్తే కూరగాయలతో ఏమైనా చేసిస్తారా? ఏడేళ్ల బాబు కూడా ఉన్నాడు.

నిషికసాయి_నాని
వద్దు వాసవి గారూ. చేప లేకుండా చూసినా వంటల్లో వాడే దషి అనే పులుసు నీళ్లలో ఎండు బోనిటో చేప ఉంటుంది, గుడ్డు తమగోలో కూడా చాలాచోట్ల రొయ్యలో చేపో నూరి కలుపుతారు. అడిగితే మర్యాదగా కుదరదంటారు, కొన్నిచోట్ల చిన్నపిల్లల్ని రానివ్వరు కూడా. అత్తయ్యగారు వాళ్లకి బౌద్ధ మఠాల వంట షోజిన్ ర్యోరి చూడండి, క్యోటోలో, కోయసాన్‌లో దొరుకుతుంది. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. దషి కొంబుతోనే చేస్తారా అని ఒక్క మాట అడిగి బుక్ చేయండి.

బాబుతో మీరిద్దరూ తిరిగే ప్లేట్ల సుషికి వెళ్లండి. 1958లో ఒసాకా పక్కన మొదలైన పద్ధతి, టోక్యో అంతా ఉన్నాయి, టాబ్లెట్‌లో బొమ్మ నొక్కితే ప్లేటు వచ్చేస్తుంది. మంచి కౌంటర్ కూడా చూడాలనుంటే రాత్రికి కాకుండా మధ్యాహ్నానికి అడగండి. చాలాచోట్ల రాత్రి రేటులో మూడో వంతుకో సగానికో అదే చెఫ్ చేతి సుషి దొరుకుతుంది, ముందొచ్చే వంటకాలు తగ్గుతాయి అంతే. మీలో ఒకరు వెళ్తే ఇంకొకరు బాబుని చూసుకోవచ్చు. ఏ వారమో చెప్పండి, మార్చిలో సెలవులు ఏ రోజుల్లో పడతాయో చూసి చెప్తాను.